జీఆర్ఈ పదాలు బస్సులో వింటూ నేర్చుకోవచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగిన అమ్మాయిది చిత్తూరు. తిరుపతిలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. రోజూ బస్సులో రానూపోనూ దాదాపు నాలుగు గంటలు పోతుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. విదేశాల్లో పీజీ కోసం రాసే జీఆర్ఈ పరీక్షకు ఇంకా మూడున్నర నెలలుంది. వెయ్యి పదాలు అంటూ ఎనిమిది గంటలు సాగే ఒక వీడియోను నెల రోజులుగా ఇయర్‌ఫోన్స్‌లో వింటోంది. వింటున్నంతసేపూ అన్నీ తెలిసినట్టే ఉంటుందట, ప్రాక్టీస్ టెస్ట్ ముందు కూర్చుంటే మాత్రం ఒక్కటీ గుర్తుకు రాదట. చిన్న చిన్న ఆడియోలు తనే చేసుకుంటే పనవుతుందా, ఎలా చేసుకోవాలి, నిద్రలో విన్నా ఎక్కుతాయా అని అడిగింది.

పనవుతుందమ్మా. కానీ ఆ ఆడియోలో ఎవరూ ఏమీ మాట్లాడని ఖాళీలు ఉండాలి. మాట వినపడ్డాక, అర్థం వినపడేలోపు మూడు నాలుగు సెకన్ల మౌనం. ఆ మౌనంలో మీరు జవాబు చెప్పాలి. అది లేని ఆడియో రెండు నిమిషాలదైనా ఎనిమిది గంటలదైనా ఒకటే, రేడియో విన్నట్టే. మిగతా సమాధానమంతా దీని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు.

నేను 2009 నుంచి తిరుపతిలో వెర్బల్, అంటే జీఆర్ఈలో ఇంగ్లిష్ భాగం, చెబుతున్నాను. ఈ సంగతి నాకు మొదటి రోజే తెలిసిందని చెప్పుకోను. నేను చేసిన తప్పు నుంచే తెలిసింది. అప్పట్లో జీఆర్ఈలో యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (పదాల జంటల మధ్య పోలికలు) ఉండేవి. మూడున్నర వేల పదాల జాబితా ఒకటి దగ్గర పెట్టుకుని పిల్లలు ఏ నుంచి జెడ్ దాకా బట్టీ కొట్టేవాళ్లు. వాళ్లకు సాయం చేద్దామని నేను ఒక్కో ఫైలుకు యాభై పదాల చొప్పున, పదం చెప్పి వెంటనే అర్థం చెప్పి, నలభై నిమిషాల రికార్డింగులు చేసి పెన్‌డ్రైవ్‌లలో పంచాను. అందరికీ తెగ నచ్చాయి. బాలాజీ కాలనీ నుంచి యూనివర్సిటీ దాకా ఏ హాస్టల్‌లో చూసినా నా గొంతే. రెండు నెలల తర్వాత క్లాసులో ఒక అబ్బాయిని లేపి, మూడో ఫైలు మధ్యలోంచి ఒక పదం అడిగాను. వాడు కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. ఏం చేస్తున్నావురా అంటే, "ఉండండి సార్, మొదుట్నించీ వస్తా ఉండా" అన్నాడు. ఏడెనిమిదులెంతరా అంటే ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టే పిల్లాడిలా.

ఆ రోజు క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను, ఇంటికెళ్లాక మాత్రం నిద్ర పట్టలేదు.

తిరుపతి వాళ్లకు ఈ విషయం ఎక్కువ వివరించక్కర్లేదు. సుప్రభాతం మనకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తెల్లవారితే గుడి మైకులోంచో, టీ కొట్టు రేడియోలోంచో వినీ వినీ నోటికొచ్చేసింది. ఎక్కడ ఆపినా తర్వాతి మాట నాలుక మీద సిద్ధంగా ఉంటుంది. అదే ఒక శ్లోకం మధ్యలోంచి ఒక్క సమాసం తీసి దీనర్థమేమిటని అడగండి, నీళ్లు నములుతాం. నేనూ నములుతాను. చెవికి వరస బాగా పట్టుబడుతుంది, ముందు మాట వెనక మాటను లాక్కొస్తుంది. పరీక్షలో ఆ ముందు మాట ఉండదు. ఒక వాక్యం, అందులో ఒక ఖాళీ, కింద ఐదారు పదాలు, అంతే. మీ వీడియోలో ఆ పదం పక్కన ఏ పదముందో అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

వింటుంటే తెలిసినట్టే ఉంటుందన్నారు చూడండి, దాని గురించి 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకు చిన్న వ్యాసాలిచ్చి చదివించారు. కొందరి చేత మళ్లీ చదివించారు, కొందరి చేత పేపర్ మూసేసి గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే గెలిచారు. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత పెడితే మాత్రం గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లదే పైచేయి. మీ ఎనిమిది గంటల వీడియో ఐదు నిమిషాల తర్వాతి పరీక్షకైతే బాగా పనికొస్తుంది. మీకున్నది మూడున్నర నెలల తర్వాతి పరీక్ష.

నా రికార్డింగులకు మందు దొరికింది కూడా అనుకోకుండానే. మరుసటి ఏడాది కుప్పం వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నా స్పీడు అందడం లేదని తనే ఫోన్‌లో రికార్డు చేసుకునేది. పదం చదివి, నిఘంటువులో అర్థం కోసం పేజీలు తిప్పి, దొరికాక చదివేది. పేజీల చప్పుడంతా అందులో పడేది. ఎడిట్ చేయడం రాదు, తెలుసుకునే తీరికా లేదు. తర్వాత వింటున్నప్పుడు ఆ పేజీల చప్పుడు వస్తున్నంతసేపూ ఊరుకోలేక అర్థం తనే చెప్పేసేదట. "నాకంటే ముందు నేనే చెప్పేయాలని పోటీ సార్" అంది. క్లాసులో ఎక్కడినుంచి అడిగినా చెప్పేది. ఆ ఫైళ్లు అడిగి తీసుకుని విన్నాను. నా రికార్డింగులు శుభ్రంగా, చక్కగా ఉండేవి, ఆమెవి గరగరలాడుతూ సగం ఖాళీగా ఉండేవి. అప్పట్నుంచీ నా పెన్‌డ్రైవ్ పంపకం ఆపేశాను.

అందుకే మొదటి మాట, ఇంకొకరు చేసిన ఆడియో వాడకండి, నేను చేసినదైనా సరే. మీ గొంతుతో మీరే చేయండి. మొదటి వారం మీ గొంతు మీకే వినబుద్ధి కాదు, అందరికీ అంతే. తర్వాత అలవాటైపోతుంది.

ఇక ఎలా చేయాలో. ఫోన్‌లో వచ్చే మామూలు రికార్డరు చాలు. ఒక ఫైలుకు ఆరు పదాలు, రెండున్నర నిమిషాలు దాటకూడదు. ముందు ప్రతి పదాన్నీ ఏదైనా మంచి ఆన్‌లైన్ నిఘంటువులో తెరిచి స్పీకర్ గుర్తు నొక్కి వినండి. ఈ పని ఎగ్గొట్టకండి. మన గొంతు మన చెవికి గురువవుతుంది కాబట్టి, మీరు ఎపిటమీని ఎపిటోమ్ అని రికార్డు చేసుకుంటే మూడు నెలల పాటు ఎపిటోమే విని, ఇంటర్వ్యూలోనూ అదే అంటారు. తర్వాత ఆరు పదాలనూ నోట్‌బుక్‌లో మీ చేత్తో రాయండి. ఎందుకో కిందకు చెబుతాను.

రికార్డింగులో పదం రెండుసార్లు. ఆ తర్వాత మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుంటూ ఊరుకోండి. అప్పుడు తెలుగులో అర్థం. వెంటనే ఇంగ్లిష్‌లో ఒక చిన్న వాక్యం, అందులో ఆ పదం రావాల్సిన చోట మళ్లీ రెండు సెకన్లు ఊరుకుని, ఆపైన పదం. ఉదాహరణకు ఎనర్వేట్. వినడానికి ఎనర్జీ లాగా ఉంటుంది, అర్థం పూర్తిగా తిరగబడి ఉంటుంది, సత్తువ లాగేయడం. "ఎనర్వేట్... ఎనర్వేట్... (మౌనం) ఒంట్లో సత్తువ లాగేయడం. తిరుపతిలో మే నెల మిట్టమధ్యాహ్నం" అని ముందు తెలుగులో అనేసి, అదే సంగతి ఇంగ్లిష్ వాక్యంగా చెప్పుకోవాలి. ఆరూ అయ్యాక, వరస మార్చి, ఈసారి తెలుగు అర్థం ముందు చెప్పి, మౌనం తర్వాత పదం చెప్పండి. ఈ రెండో సగం చాలామంది వదిలేస్తారు. టెక్స్ట్ కంప్లీషన్ అనే ఖాళీలు నింపే ప్రశ్నల్లో మీరు చేసే పని ఇదే కదా, ఖాళీలో ఏ భావం రావాలో ముందు మీకు తడుతుంది, ఆ భావానికి తగిన పదం తర్వాత వెతుకుతారు. పదం నుంచి అర్థానికి పోవడం ఒక్కటే వస్తే సగమే వచ్చినట్టు.

ఇందులో కొత్తదేమీ లేదు నిజానికి. వేదపాఠశాలలో సంథ చెప్పుకునే పద్ధతి చూసినవాళ్లకు తెలుసు, గురువు ఒకసారి అంటాడు, శిష్యులు రెండుసార్లు అంటారు. గురువు ఆగుతాడు కాబట్టే శిష్యుడి నోరు తెరుచుకుంటుంది. గురువు ఆగకుండా చెప్పుకుంటూ పోతే అది పారాయణం అవుతుంది, పాఠం కాదు.

తెలుగు అర్థం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువ మంది చెడిపోయేది ఇక్కడే. నిఘంటువులో ఉన్న సంస్కృత సమాసాన్ని దించేస్తారు. ఇక్వివకేట్‌కి 'సందిగ్ధార్థముగా పలుకు' అని రికార్డు చేసుకుంటే, ఇప్పుడు మీకు తెలియని మాటలు ఒకటి కాదు రెండు. కర్ర విరక్కుండా పాము చావకుండా మాట్లాడటం అనుకోండి, ఇక మర్చిపోగలరేమో చూడండి. ఇన్‌ట్రాన్సిజెంట్ అంటే తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడు. ఎగ్జాసర్బేట్, మంటలో ఆజ్యం పోయడం. ఎఫెమరల్, నీటి బుడగ. గారులస్, వసపిట్ట. సికఫంట్, కాకా పట్టేవాడు. యుబిక్విటస్‌కి మా బ్యాచ్‌లో ఒకడు చెప్పిన అర్థం ఇప్పటికీ వాడుతున్నాను: తిరుపతిలో గుండు. ఎటు చూసినా కనబడేది అని వేరే చెప్పాలా? మీ ఇంట్లో తమిళం మాట్లాడతారనుకోండి, చిత్తూరులో చాలా ఇళ్లల్లో రెండూ కలిసే ఉంటాయి కాబట్టి, అర్థం తమిళంలోనే చెప్పుకోండి. అమ్మమ్మ తిట్టే తిట్టు ఏ భాషలో ఉంటే ఆ భాష.

అయితే సామెత పదానికి సరిగ్గా అతకదు ఒక్కోసారి. లకానిక్, టాసిటర్న్ రెంటికీ 'తక్కువ మాట్లాడేవాడు' అని పెట్టుకుంటే గడిచిపోతుంది గానీ, లకానిక్ అంటే నాలుగు ముక్కల్లో తేల్చేసే తీరు, టాసిటర్న్ అంటే అసలు నోరు విప్పని స్వభావం. ఈ తేడా పట్టుకునేది ఆ ఇంగ్లిష్ వాక్యమే. అందుకే వాక్యం లేకుండా అర్థం మాత్రమే రికార్డు చేయొద్దంటాను. వాక్యం నిఘంటువులోంచి దించకుండా మీ బస్సు గురించి, మీ హెచ్ఓడీ గురించి, మీ పిన్ని గురించి చేసుకోండి. ఎవరూ వినరు కాబట్టి నిజాలే చెప్పొచ్చు.

ఇంకో చిక్కు. ఒకేలా వినిపించేవాటిని, ఒకే అర్థం ఉన్నవాటిని మొదటిసారి ఒకే ఫైలులో పెట్టకండి. ప్రిస్క్రైబ్ అంటే రాసివ్వడం, ప్రోస్క్రైబ్ అంటే నిషేధించడం. ఇన్‌జీనియస్ అంటే తెలివైన ఉపాయం, ఇన్‌జెన్యువస్ అంటే కల్లాకపటం తెలియనితనం. జంటగా నేర్చుకుంటే ఏది ఏదో జీవితాంతం అనుమానమే. ఒకటి ఈ వారం, రెండోది మూడు వారాల తర్వాత. మన పెద్దలు అమరకోశంలో ఒకే అర్థమున్న మాటలన్నీ ఒక్కచోట గుచ్చి వల్లె వేయించారు కదా అని ఒక తెలుగు పండితుడు నన్ను నిలదీశారు. నిజమే, కానీ అందులో ఛందస్సు ఉంది, మాటలు జారిపోకుండా పట్టుకునేది అదే. మన ఫైలుకు ఛందస్సు లేదు. పైగా సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే రకం ప్రశ్నల్లో ఒకే అర్థం ఇచ్చే రెండు పదాలు పట్టుకోవాలి కాబట్టి ఆ గుచ్చడం ఎలాగూ కావాలి, కాకపోతే పదాలు విడివిడిగా వచ్చేశాక, ఆఖరి నెలలో చేయండి. అప్పుడు ఆరు పదాల బదులు మూడు జంటలు.

ఎప్పుడెప్పుడు వినాలి? 1967లో పాల్ పిమ్స్లర్ అనే అమెరికన్ భాషా బోధకుడు ఒక లెక్క ప్రతిపాదించాడు. కొత్త మాట విన్నాక 5 సెకన్లకు, 25 సెకన్లకు, 2 నిమిషాలకు, 10 నిమిషాలకు, గంటకు, 5 గంటలకు, రోజుకు, 5 రోజులకు, 25 రోజులకు, అలా ఎడం పెంచుకుంటూ మళ్లీ గుర్తు తెచ్చుకోవాలి. దాదాపు ప్రతి మెట్టూ ముందుదానికి ఐదు రెట్లు. స్టాప్‌వాచ్ పెట్టుకుని చేయమని కాదు. ఆ మొదటి మూడు మెట్లూ మీ ఫైలు లోపలే ఉన్నాయి చూడండి, మౌనం, వాక్యంలో ఖాళీ, తిరగేసి అడిగే రెండో సగం. మిగతావి మీ బస్సులో ఉన్నాయి. పొద్దున బస్సు కదిలి ఊపిరి తీసుకున్నాక కొత్త ఫైలు ఒకసారి. పూతలపట్టు దాటాక రెండోసారి. చంద్రగిరి వచ్చేసరికి మూడోసారి. సాయంత్రం తిరుగు బస్సులో ఎక్కగానే నాలుగోసారి. ఈ నాలుగూ కలిపి పది నిమిషాలు. మధ్యలో నిద్రపోండి, కిటికీలోంచి చూడండి, పాటలు వినండి. రెండు గంటలూ పదాలే వినాలనే పట్టుదల వద్దు, అలా చేసినవాళ్లెవరూ మూడో వారం దాటలేదు.

పాత ఫైళ్లకు ఫోన్‌లో నాలుగు ఫోల్డర్లు పెట్టుకోండి: రోజూ, మూడు రోజులకు, వారానికి, నెలకు. ఫైలు మొత్తం తడుముకోకుండా చెప్పగలిగితే పక్క ఫోల్డర్లోకి తోసేయండి. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1970ల్లో అట్టపెట్టెలు, కార్డులతో ప్రచారం చేసిన పద్ధతి ఇది, మనం ఫోల్డర్లతో చేస్తున్నాం. అయితే కార్డు విడిగా కదులుతుంది, ఫైలులో ఆరు పదాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఐదు వచ్చి ఒకటి రాకపోతే? ఆ ఒక్కదాన్నీ నోట్‌బుక్‌లో చుక్క పెట్టుకుని ఫైలును ముందుకు పంపేయండి. ఆదివారం కూర్చుని చుక్క పెట్టినవన్నీ కొత్త వాక్యాలతో, కొత్త వరసలో మళ్లీ రికార్డు చేయండి. మా పిల్లలు దీన్ని మొండి ఫైలు అంటారు. నిజానికి మీ పరీక్ష ఈ మొండి ఫైలే, మిగతావి ఎలాగూ వచ్చేవే. అంకీ లాంటి కార్డుల యాప్‌లో ప్రతి పదాన్నీ విడి కార్డుగా ఆడియోతో పెట్టుకుంటే ఈ తిప్పలు తప్పుతాయి, ఆండ్రాయిడ్‌లో ఉచితం కూడా. కానీ దానికి తెర చూస్తూ బటన్ నొక్కాలి. కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకున్నవాళ్లకు ఫోల్డర్లే నయం.

ప్లేయర్ విషయంలో ఒక హెచ్చరిక. కొన్ని పాడ్‌కాస్ట్ యాప్‌లు మౌనాన్ని వాటంతటవే కత్తిరించేస్తాయి, సమయం ఆదా అంటూ. ఆ సెట్టింగు ఆపేయండి. ఒకబ్బాయి పది రోజులు విని "మీరు చెప్పిన ఖాళీ నాకు రావడం లేదు సార్" అంటే, నేను వాణ్ని బాగా కేకలేశాక తెలిసింది తప్పు యాప్‌దని. అలాగే ఒకటిన్నర స్పీడులో వినడం కూడా వద్దు, ఖాళీ కూడా కుంచించుకుపోతుంది.

జవాబు మనసులో అనుకుంటే చాలదు, పెదాలు కదలాలి. మనసులో అనుకున్నప్పుడు 'ఆఁ, తెలుసు' అని మనల్ని మనమే వదిలేస్తాం. పెదాలు కదిపితే తెలియనిది తెలియనట్టే బయటపడుతుంది. బస్సులో సిగ్గుగా ఉంటుందంటారేమో. నా విద్యార్థిని ఒకమ్మాయి అలాగే గొణుక్కుంటుంటే పక్కసీటు పెద్దాయన గోవిందనామాలు అనుకుని, దిగేటప్పుడు "చల్లగా ఉండు తల్లీ" అని దీవించి వెళ్లాడట. మన దారిలో పెదాలు కదిపేవాళ్లను ఎవరూ వింతగా చూడరు. అలిపిరి మెట్లెక్కుతూ వినొచ్చా అని కూడా కొందరు అడుగుతారు. 3550 మెట్లు, మోకాళ్ల పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఊపిరే అందదు, ఇక పెదాలేం కదుపుతారు. కొండెక్కేటప్పుడైనా ఇయర్‌ఫోన్స్ తీసేయండి.

ఇప్పుడు నోట్‌బుక్ సంగతి. జీఆర్ఈలో వినే భాగం లేదు, అంతా తెర మీదే. చెవితో మాత్రమే నేర్చుకున్న పదం కంటికి కొత్త మొహం. అరై అనే పదం మా వాడొకడికి పాడైపోవడం, తప్పుదారి పట్టడం అని కంఠతా వచ్చు. తెర మీద ఎ, డబ్ల్యు, ఆర్, వై అని నాలుగక్షరాలు కనబడితే 'ఆవ్రీ' అని చదువుకుని వదిలేశాడు. ఆన్వీ అంటే విసుగు, రాసేటప్పుడు ఇ, ఎన్, ఎన్, యు, ఐ. ఇండైట్‌లో సి ఉంటుంది, పలకదు. అందుకని రికార్డు చేసే ముందు చేత్తో ఒకసారి రాయడం, రాత్రి ఒకసారి ఆ పేజీ చూడటం. అంతకంటే అక్కర్లేదు. వినే భాగం ఉన్న ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్ కూడా రాస్తారు కాబట్టి చెవి చేసిన కష్టం అక్కడ ఇంకోలా పనికొస్తుంది.

ఏ పదాలు? ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. వెయ్యి పదాల జాబితా పక్కన పెట్టేయండి. యాంటనిమ్స్, అనాలజీలు 2011 ఆగస్టులోనే పోయాయి. విడిగా పదాన్ని అడిగే ప్రశ్న అప్పట్నుంచీ లేదు. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష ఇంకా కుదించారు, వెర్బల్ మొత్తం 27 ప్రశ్నలు, 41 నిమిషాలు, మొదటి సెక్షన్ 12, రెండోది 15. అందులో సగం దాకా పాసేజీలే. మొదటి సెక్షన్ ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది సులువుగానో కష్టంగానో వస్తుంది. జీఆర్ఈ పెట్టే సంస్థ ఈటీఎస్ వాళ్ల సొంత ప్రాక్టీస్ ప్రశ్నలు చేయండి, తప్పు పోయినవాటిలోంచి, రైటయినా అనుమానంగా పెట్టినవాటిలోంచి పదాలు ఏరుకోండి. వాటిల్లో మీకు తెలుసనుకున్న పదాలు కూడా ఉంటాయి, అవే అసలు దొంగలు. క్వాలిఫై అంటే మనకు అర్హత సాధించడం. జీఆర్ఈ వాక్యంలో చాలాసార్లు చెప్పినదానికి ఒక హద్దు పెట్టడం, 'అవును గానీ' అనడం. టెంపర్ అంటే కోపం కాదు, పదును తగ్గించడం. చెక్ అంటే అడ్డుకట్ట వేయడం. నాయిసమ్‌కి శబ్దంతో సంబంధమే లేదు, కంపు కొట్టేది. గెయిన్‌సేలో లాభం లేదు, కాదనడం. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఒక మేలుంది, నేను చూస్తూనే ఉన్నాను. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఇవి తమకు తెలుసన్న ధీమాతో పడతారు, మీరు ప్రతి పదాన్నీ అనుమానించి చూస్తారు.

లెక్క వేసుకుంటే, వారానికి ఐదు రోజులు, రోజుకు ఒక ఫైలు, ఆరు పదాలు. మొదటి నెల తర్వాత ఓపికుంటే రోజుకు రెండు ఫైళ్లు, అంతకు మించి వద్దు. శని, ఆదివారాలు పాతవే. మూడున్నర నెలల్లో ఆఖరి రెండు వారాలు తీసేస్తే, ఓపికను బట్టి, దాదాపు నాలుగు వందల నుంచి ఆరు వందల యాభై దాకా పదాలు అవుతాయి. వెయ్యి వినిపించిన వీడియో కంటే ఇది తక్కువగా కనబడుతుంది, నిజమే. కానీ ఇవి ఎక్కడినుంచి అడిగినా చెప్పగలిగే పదాలు. పైగా పాసేజీలు చదవడానికి ఇంట్లో టైము మిగలాలి కదా. చదవడం వల్లే పదాలు వస్తాయి, ఈ ఆడియోలన్నీ దండగ అనేవాళ్లున్నారు. పదేళ్లుగా ఇంగ్లిష్ నవలలు చదువుతున్నవాళ్లకు ఆ మాట సరే. వంద రోజుల్లో రాయాల్సినవాళ్లకు ఆ సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు.

నిద్రలో వినడం గురించి కూడా అడిగారు. రాత్రంతా వీడియో పెట్టుకుని పడుకున్నవాళ్లను చూశాను, పొద్దున క్లాసులో నిద్రపోతారు. నిద్రను నిద్రగానే వాడుకోండి, పగలు నేర్చుకున్నది కుదురుకునేది అప్పుడే.

మీకు ఇదే బస్సులో వచ్చే స్నేహితురాలు ఇంకొకరు ఎవరైనా జీఆర్ఈ రాస్తుంటే, వాట్సాప్‌లో ఒకరికొకరు వాయిస్ మెసేజ్‌తో ప్రశ్న మాత్రమే పంపుకోండి. జవాబు అవతలివాళ్లు వాయిస్‌లోనే చెప్పాలి. ఇందులో ఖాళీ దానంతటదే వస్తుంది, ఎవరూ లెక్కపెట్టక్కర్లేదు. నా దగ్గర ఇలా మొదలుపెట్టిన జంటలు కొన్ని పదిహేను రోజుల్లో పదాలు మాని కబుర్లలో పడ్డాయి, అది మీ ఇష్టం.

రికార్డింగ్‌కు ఇల్లు సద్దుమణిగాక, ఫ్యాన్ ఆపి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పెట్టుకోండి. బస్సులో ఇంజను చప్పుడుంటుంది కాబట్టి కాస్త గట్టిగా, ముక్క ముక్కగా చెప్పండి. మధ్యలో కుక్కర్ విజిల్ పడితే పడనివ్వండి, ఆ విజిల్ వల్లే గుర్తుండిపోయిన పదాలు ఉంటాయి.

ఆఖరి రెండు వారాలు కొత్త ఫైలు చేయొద్దు. నెల ఫోల్డర్లో ఉన్నవి రోజుకు నాలుగైదు, మొండి ఫైలు రోజూ. సెంటర్ చెన్నైలో పడితే ముందు రోజే వెళ్లిపోండి. పాస్‌పోర్టు బ్యాగులో ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. పరీక్ష రోజు పొద్దున మొండి ఫైలు ఒక్కసారి విని ఫోన్ ఆపేయండి, లోపలికి ఎలాగూ రానివ్వరు. మీ మొదటి ఫైలు అయ్యాక అందులో ఏ ఆరు పదాలు పెట్టారో ఇక్కడ రాయండి, ఒకదానికొకటి తగువు పెట్టుకునేవి ఉంటే చెబుతాను.